ఎజిన్నే మిషను పాదం

అబా ఊళ్ళో, అరియారియా బజారులో, తోలు సంచులు కుట్టే లైను చివర మురుగుకాలవ దాటగానే ఉకేగ్బు బల్ల ఉంటుంది. బల్లకి ఇనుముని దవడల మధ్య కరిచిపట్టే వైసు ఒకటి బిగించి ఉంటుంది. పక్కనే పాలపొడి డబ్బా, దాని నిండా పాదాలు. కుట్టు మిషను పాదాలు. సూది దిగేచోట తోలుని కిందికి అదిమిపట్టే బొటనవేలంత ఇనప ముక్కలు. ముందుకి రెండు వేళ్ళు చాపుకుని, మధ్యలో సూదికి సందిచ్చి ఉంటాయి.

మా లైనులో మిషన్లన్నీ ముసలివే. ఎక్కడో చలిదేశాల్లో ఫ్యాక్టరీలు మూసేసి తుక్కు కింద తోసేస్తే ఓడెక్కి వచ్చినవి. పైన తుప్పు, లోపల ఏనుగు బలం. తోలు ఎన్ని మడతలేసి పెట్టినా గుటుక్కున మింగేస్తాయి. కానీ ఒక్కదానికీ సరైన పాదం ఉండదు. అంచు వంకర పోకుండా పక్కన కాపలా నిలబడే గైడు అసలే ఉండదు. దారిలో ఎవడో విప్పుకుపోతాడు. అందుకే మిషను కొన్నవాడు ముందు దానికి చమురు వెయ్యడు, ముందు ఉకేగ్బు దగ్గరికి వస్తాడు.

వచ్చినవాణ్ణి అతను కుట్టమంటాడు. "కుట్టు, చూస్తా," అంటాడు. ఏదో ఒక పాదం బిగించి తోలుముక్క కుట్టిస్తాడు. ఒకడు తోలుని నెడతాడు, ఒకామె లాగుతుంది, ఒకడు మలుపు దగ్గర భయపడి చెయ్యి బిగిస్తాడు. అదంతా చూసి, లారీ కమాను ముక్క ఒకటి బొగ్గుల్లో కాల్చి మెత్తబరిచి, ఆకురాయి అందుకుంటాడు. చెప్పులు కుట్టేవాడు కాలు కొలిస్తే ఇతను చెయ్యి కొలుస్తాడు. అలా చేసిన పాదం ఇంకొకరికి కుదరదు. అరువు అడిగితే లైనంతా నవ్వుతుంది. "పక్కవాడి పళ్ళు పెట్టుకుని మొక్కజొన్న తింటావా?" అంటారు.

ఉకేగ్బు కూతురు ఎజిన్నేది ఎడమచేతి వాటం. మా దగ్గర ఎడమచేత్తో ఏదైనా ఇస్తే ఇచ్చినట్టు కాదు, తిట్టినట్టు. చిన్నప్పుడు వాళ్ళ నాయనమ్మ ఆ చేతికి గుడ్డ చుట్టి ముడేసింది. పిల్ల కుడిచేత్తో తినడం నేర్చుకుంది, కుడిచేత్తో పెద్దలకి నీళ్ళందించడం నేర్చుకుంది. కానీ పెద్దదై మిషను ముందు కూర్చున్నరోజు ఎడమచెయ్యి దానంతటదే ముందుకొచ్చి తోలుని పట్టుకుంది. కుట్టు పక్కకి పరిగెత్తింది. పాదం ఎడమవేలు తోలులో దిగబడి ఎలక కొరికినట్టు గాట్లు పడ్డాయి.

"దీనికి మిషను వద్దులేవయ్యా, జిగురు పూసుకోమను," అన్నారు చుట్టుపక్కలవాళ్ళు.

"చేతిది తప్పు కాదు, పాదానిది తప్పు," అన్నాడు ఉకేగ్బు.

ఆ పాదం కోసం అతను పడ్డ పాటు ఇంతా అంతా కాదు. ఎడమవేలు సన్నం చేసి ముక్కు కాస్త పైకి లేపాడు. తోలు లోపల తాడు పెట్టి కుట్టే ఉబ్బు అంచు సాఫీగా జారిపోయేలా అడుగున గాడి తీశాడు. అందరికీ కుడిపక్కన ఉండే గైడుని ఎడమపక్కకి మార్చాడు. అంతా అయ్యాక, మడమ నున్నబరుస్తుంటే ఆకురాయి జారి చిన్న గాటు పడింది. అయ్యో అని కొత్తది మొదలెట్టబోతే ఎజిన్నే చేతిలోంచి లాక్కుంది.

"వదిలెయ్ నాన్నా. ఆవుకి వాత పెట్టినట్టుంది. ఎవడెత్తుకుపోయినా దొరికిపోతాడు."

ఆ గాటు వల్ల ఆమె కుట్టిన ప్రతి అంచు పక్కనా వెంట్రుకంత గీత పడేది. కొనేవాళ్ళు అదో సోకు అనుకునేవాళ్ళు. సరిహద్దు అవతల నుంచి వచ్చే బేరగత్తెలు సంచి తిరగేసి ఆ గీత ఉందా లేదా చూసి మరీ పట్టుకెళ్ళేవాళ్ళు.

ఎజిన్నేకి జత ఓలాచి. ఎజిన్నే కుడుతుంటే ఓలాచి తోలు అంచులు చెక్కేది, జిగురు రాసేది, సుత్తితో మడత అణిచేది. ఒకే కొట్లో వీపుకి వీపు ఆనించి కూర్చునేవాళ్ళు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తగువే. "నీ జిగురు కంపుకి నా కళ్ళు పోతున్నాయే," అని ఈమె, "కళ్ళుంటే మాత్రం నువ్వు చూసి కుడతావా ఏంటి," అని ఆమె. ఓలాచి మొగుడు వేరే ఊళ్ళో ఇంకో కాపురం పెట్టి ఇటువైపు చూడ్డం మానేశాడు. పిల్లల్ని సాకేది ఆ కొట్టే. ఓలాచికి కూడా, ఆమె పని నేర్చుకునే రోజుల్లో, ఉకేగ్బు ఒక మామూలు పాదం చేసిచ్చాడు. కుడిచేతి పాదం, గాడి లేనిది. అది వాడే పనే పడక ఆమె జిగురు సామాన్ల డబ్బాలో ఉండిపోయింది.

వానలు మొదలయ్యే ముందు ఎజిన్నేకి పచ్చకామెర్లు వచ్చాయి. ముందు కళ్ళు, తర్వాత గోళ్ళు. ఆకు పసరు తాగింది, ఆసుపత్రిలో పడుకుంది, చర్చిలో నూనె రాయించుకుంది. దేనికీ లొంగలేదు. మొగుడి ఊరికి కారులో తీసుకెళ్తామన్న రోజు పొద్దున్నే పోయింది.

మా లైనుకి ఒక ఆనవాయితీ ఉంది. మిషను మనిషి పోతే ఆ మనిషి పాదం విప్పి చేతిలో పెట్టి మట్టిలోకి పంపిస్తారు. మిషను ఎవరికైనా అమ్ముకోవచ్చు, పాదం మాత్రం చేతితో పాటే పోవాలి. పోయినవాళ్ళు ఆ ఇంట్లోనే మళ్ళీ పుడతారు కదా. పాదం పట్టుకుపోయినవాళ్ళు తమ పనితనం పట్టుకొస్తారు. ఉత్తచేత్తో పోయినవాళ్ళు ఉత్తచేత్తో వస్తారు, వచ్చినా ఎవరో ఆనవాలు దొరకదు. పాస్టరుకి ఇది నచ్చదు. నచ్చదు కాబట్టి ఆ క్షణంలో పెద్ద ప్రార్థన ఎత్తుకుంటాడు, పని అయిపోయేదాకా కళ్ళు తెరవడు.

ఇంకో ఆనవాయితీ కూడా ఉంది, ఇది లైనుది కాదు, ఊరందరిదీ. కన్నవాళ్ళు బిడ్డని మట్టి చెయ్యడం చూడకూడదు. ఆ సమాధి దగ్గరికి తర్వాతైనా పోకూడదు.

అందుకని శవం వ్యాను రాకముందే ఉకేగ్బు కొట్లోకి వెళ్ళి, తను బిగించిన పాదాన్ని తనే విప్పాడు. మరమేకు బిగుసుకుపోయి ఒక పట్టాన రాలేదు. పాదాన్ని చొక్కా అంచుతో తుడిచి ఓలాచి చేతిలో పెట్టాడు.

"నువ్వే పెట్టాలమ్మా. ఎడమచేతిలో. మర్చిపోకు, ఎడమ."

"మర్చిపోను పెద్దనాన్నా."

వ్యాను లైనులోకి వచ్చింది. జనరేటర్లు ఒక్కొక్కటీ ఆగిపోయాయి. అంత నిశ్శబ్దం ఆ బజారులో ఎప్పుడూ ఉండదు. అప్పటికే ఉకేగ్బు ఇంటికి పోయి, పెళ్ళాం ఇహోమా పక్కన గోడవైపు తిరిగి కూర్చున్నాడు. తర్వాత ఎవరో వచ్చి చెప్పారు, ఓలాచి పెట్టె మీదికి వంగి పాదం చేతిలో పెట్టిందని, పెట్టి చాలాసేపు లేవలేదని. ఇహోమా అప్పుడు మొదటిసారి కాస్త గంజి తాగింది.

"పట్టుకెళ్ళింది కదా," అంది. "ఇంక రావడమే."

వాళ్ళ కొడుకు పెళ్ళాం అప్పుడే నెల తప్పింది. ఇహోమా ఆశంతా ఆ కడుపు మీదే. "ఎడమచెయ్యి ముందు చాపితే అదే మన పిల్ల," అనేది. ఉకేగ్బు ఆకురాయి రాస్తూ రాస్తూ ఆగిపోయి, ఎడమచేత్తో తోలు పట్టుకునే ఒక చిన్న ఆకారాన్ని ఊహించుకుంటూ ఉండిపోయేవాడు. బతకడానికి అతనికి మిగిలింది ఆ ఒక్క ఆశే.

ఎజిన్నే పోయాక ఆ ఉబ్బు అంచు కోసం చాలామంది అతని బల్ల దగ్గరికి వచ్చారు. అలాంటి గాడి తీసి పెట్టమన్నారు.

"ఆ గాడి దానితో పోయింది," అనేవాడు. "ఇంకెవరికీ తియ్యను."

ఓలాచి కూడా వచ్చింది. వానలో తడిసి, గుడ్డలో చుట్టిన పాదంతో వచ్చింది, తన పాత కుడిచేతి పాదమే తెచ్చానంది. ఇప్పుడు కుట్టాల్సింది తనే.

"మామూలు అంచు ఎవరూ కొనట్లేదు పెద్దనాన్నా. దీనికి చిన్న గాడి తీసి పెట్టవా? దానిలాగా అక్కర్లేదు. ఏదో నడిచేటట్టు."

"నీక్కూడా వేరేగా చెప్పాలా?" అన్నాడు ఉకేగ్బు, తలెత్తకుండా. "దాని చేతిలో పెట్టి వచ్చింది నువ్వే కదా. ఇంకా ఎక్కడుంది గాడి?"

ఓలాచి గుడ్డ మళ్ళీ చుట్టుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆమె ఇటు రాలేదు. ఇంటికి నేరు దారిన వెళ్తే వాళ్ళ కొట్టు మీదుగా వెళ్ళాల్సొస్తుందని ఉకేగ్బు కూడా దూరమైనా వెనక దారిన పోయేవాడు.

వానలు పోయి, ఉత్తరం నుంచి దుమ్ముగాలి మొదలైంది. పెదాలు పగిలే కాలం. ఒక మధ్యాహ్నం సరిహద్దు అవతలి బేరగత్తె ఒకామె దారి తప్పి ఉకేగ్బు బల్ల దగ్గర ఆగింది. భుజం మీది సంచి బల్ల మీద దించి ముఖం తుడుచుకుంది.

"అన్నా, జిప్పులమ్మే వరస ఎటు?"

ఉకేగ్బు చెయ్యెత్తి చూపించబోయాడు. చెయ్యి సగంలో ఆగిపోయింది. సంచి అంచు ఉబ్బుగా ఉంది. కుట్టు పక్కన వెంట్రుకంత గీత ఉంది.

వేలితో గీత వెంట రాసి చూశాడు. గోరుకి తగిలింది.

"ఇది... ఎప్పటిదమ్మా ఈ సంచి?"

"ఎప్పటిదేంటన్నా, ఇప్పటిదే. వాసన చూడు, జిగురు కంపు కూడా పోలేదు. రెండో సందు, నీలం పరదా కొట్టు. మధ్యలో కొన్నాళ్ళు దొరకలేదు ఈ రకం, మళ్ళీ మొదలెట్టారు. నీకూ కావాలా, మీ ఆవిడకి?"

ఉకేగ్బు ఆకురాయి బల్ల మీద పెట్టి, స్క్రూడ్రైవరు జేబులో వేసుకుని లేచాడు. బేరగత్తె వెనకనుంచి, "అన్నా, జిప్పులు ఎటో చెప్పలేదు," అని అరుస్తూనే ఉంది.

ఎజిన్నే కొట్టుకి నీలం పరదా అంతకుముందు ఉండేది కాదు. పరదా వెనక మిషను నడుస్తున్న చప్పుడు. ఎజిన్నే కుడితే ఆ మిషను ఒకే ఊపులో పోయేది, పడవ పోయినట్టు. ఇప్పుడు ఆగి ఆగి, దగ్గినట్టు కుడుతోంది. ఉకేగ్బు పరదా లాగేశాడు.

ఓలాచి అతన్ని చూసి చెయ్యి తీసేసింది. పాదం కింద తోలు అలాగే ఉండిపోయింది.

"కూర్చో పెద్దనాన్నా."

"లే."

"చెప్పేది విను..."

"లే అమ్మాయ్. ముందు లే."

ఆమె లేచింది. ఉకేగ్బు ఆమె ముక్కాలిపీట మీద కూర్చుని వంగి చూశాడు. చూడక్కర్లేదు, అయినా చూశాడు. ఎడమవేలు, సన్నగా, ముక్కు పైకెత్తి.

"దాన్ని ఉత్తచేత్తో పంపించావు," అన్నాడు.

"లేదు! దేవుడి తోడు, ఉత్తచేత్తో పంపలేదు. నాది పెట్టాను."

"నీదా?"

"నువ్వు చేసిచ్చిందే. నా పాదం."

ఉకేగ్బుకి ఆ మాట బుర్రలోకి దిగడానికి కాస్త టైము పట్టింది. "కుడిచేతి పాదం," అన్నాడు. "దాని ఎడమచేతిలో, కుడిచేతి పాదం పెట్టావు."

ఓలాచి ఏడుపు ఆపుకుంది. ఆపుకుంటే కోపం వచ్చింది. "ఇంకేం పెట్టమంటావు? నా దగ్గరున్నది అదే. ఇంక కుట్టాల్సింది నేనే కదా అని నాది డబ్బాలోంచి తీశాను, రెండు పాదాలూ నా జేబులో ఉన్నాయి ఆ పూట. దాని ముఖం చూశాను. పసుపు ముద్దలా ఉంది. ఇది పెడదామనే వంగాను. నా పిల్లలు గుర్తొచ్చారు. చెయ్యి ఇంకోదాని మీద పడింది. అంతే పెద్దనాన్నా, ఆలోచించి చేసింది కాదు."

"మరి నా దగ్గరికి గుడ్డలో చుట్టుకొచ్చింది ఏంటి? వానలో వచ్చావే. నీ పాదం తెచ్చానన్నావే."

"ఎవరిదో తుక్కు పాదం. గాడి తీసిస్తావేమో, ఇస్తే దీన్ని ఎలాగోలా దాని మొగుడి ఊరు పంపి మట్టిలో పెట్టించేద్దామని వచ్చాను. సమాధి మీద టైల్సు ఇంకా వెయ్యలేదు అప్పటికి. నువ్వు తలెత్తి నా ముఖం కూడా చూళ్ళేదు."

ఉకేగ్బు స్క్రూడ్రైవరు కోసం జేబు తడుముకున్నాడు.

"చచ్చిపోయినదాని మీద నీ ప్రేమంతా పోశావు, బతికున్నదానికి చిన్న గాడి తియ్యనన్నావు. నా పాదం మట్టిలో ఉంది, నేను పైన ఉన్నాను. అదెంత అరిష్టమో నాకు తెలీదనుకున్నావా? తుమ్మొచ్చినా భయమే నాకు. పిల్లల్ని పడుకోబెట్టి ఊపిరి చూసుకుంటున్నాను. ముందు పోయేది నాదా, వాళ్ళదా అని."

ఉకేగ్బు స్క్రూడ్రైవరు తీశాడు. ఈసారి మరమేకు సులువుగా వచ్చేసింది. పాదం చొక్కా జేబులో వేసుకుని, ఆమె వైపు చూడకుండా బయటికి వచ్చేశాడు.

నేరుగా లైను పెద్ద వోగు దగ్గరికి పోయాడు. వోగు ముసలాడు, పళ్ళు ఊడినా కోలాకాయ నమలడం మానలేదు. అతనికి తెలియని ఆనవాయితీ లేదు.

"వోగన్నా, ఒక మాట. పెట్టెలో పాదం పెట్టడం మర్చిపోతే, తర్వాత పెట్టొచ్చా?"

"సమాధంటే కొట్టు షట్టరనుకున్నావా, పొద్దున ఎత్తి సాయంత్రం దించడానికి?" అని నవ్వాడు వోగు. నవ్వి, ఉకేగ్బు ముఖం చూసి ఆపేశాడు. "ఎవరి సంగతిరా?"

"ఎవరో."

"ఎవరో అయితే పాపం ఎవరోదే. మట్టి ఒకసారే నోరు తెరుస్తుంది తమ్ముడూ. మూసుకున్నాక ఏమిచ్చినా తినదు."

"చేతిలో వేరేవాళ్ళది పెడితే?"

వోగు చాలాసేపు నమిలాడు. "అలాంటిది నేను వినలేదు," అన్నాడు చివరికి. "అలా ఎవరు చేస్తారు? బతికుండగా తన పాదం ఎవరిస్తారు? పిచ్చివాళ్ళు కూడా ఇవ్వరు."

మళ్ళీ కోలాకాయ నమలడంలో పడ్డాడు.

ఇంటికి పోతే ఇహోమా కోడలి కబుర్లు చెబుతుందని ఉకేగ్బు బల్ల దగ్గరే చీకటి పడేదాకా కూర్చున్నాడు. పాదం చేతిలో పెట్టుకుని బరువు చూస్తూ కూర్చున్నాడు. దీన్ని ఏం చెయ్యాలి? సమాధి అల్లుడి ఊళ్ళో ఉంది. పైన టైల్సు. తను పోకూడదు. పంపిద్దామంటే, ఎవరికి చెప్పినా ఓలాచిని లైనులోంచి తరిమేస్తారు. తరిమితే తప్పేంటి అని కూడా అనిపించింది. ఆ కోపం పొద్దున్నకి నిలవలేదు. జేబులోంచి పాదం తియ్యగానే, దాని ఎడమవేలికి కొత్తగా పడిన అరుగుదల కనిపించింది. ఓలాచి చెయ్యి కుడినుంచి తోస్తుంటే ఆ సన్నటి వేలు వంగుతోంది. ఇంకొన్నాళ్ళు అలాగే నడిస్తే విరిగేది.

ఉకేగ్బు ఒక నిర్ణయానికి వచ్చాడు. ఓలాచికి గాడి ఉన్న కొత్త పాదం చేసిద్దాం. ఆమెది ఆమెకి ఉంటుంది. పిల్లది తన దగ్గర ఉంటుంది. మట్టిలో లేకపోయినా కన్నతండ్రి దగ్గరైనా ఉంటుంది.

మంచి కమాను ముక్క ఏరి కాల్చాడు. వేళ్ళు విడదీశాడు. గాడి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి వణికింది. ఇదివరకు చెయ్యి వణికితే ఊపిరి బిగబట్టి ఆపుకునేవాడు. ఇప్పుడు ఊపిరి బిగబడితే కళ్ళలో నీళ్ళు వస్తున్నాయి. గాడి వంకర పోయింది. పారేసి ఇంకోటి మొదలెట్టాడు. ఇది బాగానే వచ్చింది, కానీ గట్టిపడ్డానికి మళ్ళీ కాల్చి నూనెలో ముంచగానే టిక్కుమని పగిలింది. ఇంకోటి. దుమ్ముగాలి బల్ల మీద ఎర్రమట్టి పరుస్తోంది, అతను ఊదుకుంటూ రాస్తున్నాడు. గాడి కొసలో మళ్ళీ అదే వంకర. లైనులోవాళ్ళు పని ఇవ్వడానికి వచ్చి, అతని ముఖం చూసి మళ్ళీ వస్తామని పోతున్నారు.

నెలల తరబడి తియ్యను తియ్యను అన్నాడు. పట్టుదల అనుకున్నాడు. ఇప్పుడు చూస్తే, తియ్యలేడు. ఆ గాడి తీసిన మనిషి పచ్చకామెర్ల కాలంలోనే కూతురితో పాటు సగం పోయాడు.

ఈలోగా ఓలాచి కొట్టు ముందు పరదా ముడివేసి ఉంటోంది. మిషను చప్పుడు లేదు. పాదం లేని మిషను కుంటిది కూడా కాదు, శవం. వెనక దారిన పోతుంటే ఓలాచి పిల్ల కాలవ పక్కన తోలు ముక్కలు ఏరుకుంటూ కనిపించింది. ముక్కలు అమ్మితే జిగురు డబ్బాలవాడు కాస్త ఏదో ఇస్తాడు. ఆ పిల్ల ఉకేగ్బుని చూసి ఒంగి దణ్ణం పెట్టింది.

మర్నాడు అతనే కబురు పంపాడు. ఓలాచి వచ్చి బల్లకి దూరంగా నిలబడింది.

"దగ్గరికి రా. కరవను."

"కరిచినా పరవాలేదు పెద్దనాన్నా."

ఉకేగ్బు పాదం ఆమెకి చూపించాడు. "ఇది నీ చేతికి వంగుతోంది. ఇలాగే నడిపితే విరుగుతుంది. నీకు కుదరాలంటే కుడివేలు రాయాలి. గాడి అటువైపు వెడల్పు చెయ్యాలి. గైడు మళ్ళీ కుడికి తిప్పాలి." ఆగాడు. "ఆకురాయి తీసిన ఇనుము మళ్ళీ అతుక్కోదు. తెలుసు కదా."

ఓలాచికి అర్థమైంది. "వద్దు," అంది వెంటనే. "దాన్ని అలాగే ఉంచు. నువ్వే పెట్టుకో. నేను వేరే పని చూసుకుంటాను. గంపలు మోస్తాను."

"గంపలు మోస్తావా? నీ మెడ చూడు, కొంగ మెడ. వారానికే విరుగుతుంది."

ఆమె నవ్వబోయి ఏడ్చింది. అతను ఏడవనివ్వలేదు. "కుట్టు, చూస్తా," అన్నాడు. బల్ల కింద ఉన్న పాత మిషను ముందుకి లాగి, పాదం బిగించి, తోలుముక్క చేతికిచ్చాడు. ఓలాచి కుట్టింది. ఉకేగ్బు ఆమె చేతిని చూశాడు. మలుపు దగ్గర మణికట్టు లోపలికి వంచుతుంది. బొటనవేలితో గట్టిగా తోస్తుంది. తోసి, వెంటనే భయపడినట్టు వదిలేస్తుంది. ఎన్నో ఏళ్ళు పక్కనే తిరిగిన పిల్ల, ఆ చెయ్యి ఎలా పోతుందో ఎప్పుడూ సరిగ్గా చూసింది లేదు.

"చాలు. సాయంత్రం రా."

ఆమె వెళ్ళాక పాదాన్ని వైసులో బిగించాడు. బిగించి, ఆకురాయి పట్టుకున్నాడు. లైనులో జనరేటర్లు మోతమోగుతున్నాయి. ఎవడో పక్కకొట్టువాణ్ణి బూతులు తిడుతున్నాడు, వాడు పాట పాడుతున్నాడు. ఉకేగ్బు కళ్ళు తుడుచుకుని మొదటి రాపు పెట్టాడు. తెల్లగా మెరిసే పొడి బల్ల మీద రాలింది. కొత్తగా గాడి తియ్యడానికి వణికిన చెయ్యి, ఉన్న గాడిని వెడల్పు చెయ్యడానికి వణకలేదు. అదే అతనికి అన్నిటికన్నా ఎక్కువ బాధేసింది.

కుడివేలు సగం రాసేసరికి ఇహోమా వచ్చింది. రోజూ ఆ వేళకి అరిటాకుల్లో పప్పుపిండి ఉడికించిన ఒక్పా ముద్దలు తెస్తుంది. గంప దించి, నడుం పట్టుకుని పీట మీద కూలబడింది.

"అబ్బాయి ఫోను చేశాడు. ఈ వారమో వచ్చే వారమో అన్నారట కోడలికి. పుట్టగానే ఎడమచెయ్యి చూడమని చెప్పాను. 'అమ్మా, పుట్టగానే ఏ పిల్లయినా రెండు చేతులూ ఆడిస్తుందే' అంటాడు వాడు. వెధవ. వాడికేం తెలుసు."

ఉకేగ్బు రాస్తూనే ఉన్నాడు.

ఇహోమా వైసులోకి తొంగి చూసింది. ఆమెకి పాదాలన్నీ ఒకటే, ఎప్పుడూ తేడా తెలీదు. "ఎవరిదయ్యా అది?"

"ఓలాచిది."

"గాడి ఉన్నట్టుందే. ఎవరికీ తియ్యనన్నావుగా?"

"తీశాను."

"మంచి పని చేశావు," అంది ఇహోమా. "పాపం పిల్లల తల్లి. మన పిల్ల తనది తను పట్టుకుపోయింది, దాని చేతిలో అది చల్లగా ఉంది. బతికున్నవాళ్ళకి వాళ్ళది ఉండొద్దూ మరి?"

ఉకేగ్బు ఊఁ అన్నాడు.

ఆమె ఒక ముద్ద అరిటాకు విప్పి అతని ముందు పెట్టింది. ఇంకోటి విడిగా గంప మూల పెట్టి, "ఇది ఓలాచికి. సాయంత్రం వస్తే ఇవ్వు, మర్చిపోకు," అంది. అతను చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. గోళ్ళ సందుల్లో ఇనప పొడి ఉంది. నీళ్ళు పోసుకుని, కాసేపు అలాగే చేతుల్ని చూస్తూ నిలబడి, ఆ తర్వాత వచ్చి తిన్నాడు.